వర్లిలో కొలతలు

ఆ బుధవారం రాజలింగం పెట్టుకున్న పనులు రెండే. కాసేపు కొట్టు తెరిచి పైన ఉండే సీమా జాకెట్టుకు చేతులు కుట్టడం, ఆ తర్వాత కొట్టు మూసి వర్లి బస్సెక్కడం. ముంబై కామాఠిపురలో వాళ్లుండే చాల్ అనే వరస గదుల పాత మేడ కిందనే, మెట్ల పక్కన, ఒక కుట్టుమిషను, ఒక స్టూలు పట్టేంత జాగాలో ఆయన దుకాణం. పొడుగు ప్యాంట్లు పొట్టి చేస్తాడు, జిప్పులు మారుస్తాడు, ఒళ్లు చేసినవాళ్ల జాకెట్లకు కుట్లు వదులుతాడు. వర్లిలో ఏదో కంపెనీ వాచ్‌మెన్ల యూనిఫారాలకు కొలతలు తీసుకోవాలని ఇంట్లో చెప్పాడు. పోయిన వానాకాలం నుంచి ప్రతి బుధవారం అదే చెబుతున్నాడు. అంతమంది వాచ్‌మెన్లు ఎక్కడినుంచి వస్తున్నారని భార్య వజ్రమ్మ ఎన్నడూ అడగలేదు. అడగనందుకు ఆయన మొదట్లో సంతోషించాడు, తర్వాత కొంచెం సిగ్గుపడ్డాడు, ఇప్పుడు రెండూ మానేశాడు.

వర్లిలో వాచ్‌మెన్లు లేరు, చంద్రమ్మ మెస్సు ఉంది. మహబూబ్‌నగర్ నుంచి బిల్డింగు పనులకు వచ్చిన కూలీల కోసం చంద్రమ్మ, ఆమె మొగుడు పెంటయ్య ఒక పాత చాల్ కింది ఖోలీ గదిలో నడుపుతున్న మెస్సు అది. బుధవారం అక్కడ మటన్ వండుతారు. రాజలింగానికి బీపీ ఉందని డాక్టరు చెప్పిన నాటి నుంచి ఇంట్లో ఉప్పు డబ్బా అటకెక్కింది. మటన్ ఊసే లేదు. డాక్టరు తగ్గించమన్నదాన్ని వజ్రమ్మ పూర్తిగా మానిపించింది. పప్పు చప్పన, చారు చప్పన, ఆఖరికి పచ్చడి కూడా చప్పనే. మొదటి నెలంతా ఓర్చుకున్న రాజలింగం, ఒకనాడు వర్లిలో పాత గిరాకీకి కోటు ఇచ్చి వస్తూ ఆ మెస్సు ముందు ఆగాడు. వాసనకు ఆగాడు. అంతే, అక్కడినుంచి కొలతలు మొదలయ్యాయి.

రాత్రి వచ్చిన సీరియల్ పొద్దున మళ్లీ వేస్తారు. వజ్రమ్మ రెండుసార్లూ చూస్తుంది, ముందు రాత్రి మాత్రం కునుకు పట్టి చూడలేదు. 'మూడు ముళ్ల మౌనం' అనే ఆ సీరియల్లో విశ్వంభర్, హారిక అని మొగుడూ పెళ్లాలు. పెద్ద ఇల్లు, ఇల్లంతా మెట్లే. ఆ ఇంట్లో ఎవరికి ఏ అనుమానం వచ్చినా ఎదుటి మనిషిని అడగరు. కిటికీ దగ్గరికి పోయి, కర్టెన్ పట్టుకుని, తమలో తాము అనుకుంటారు. అత్తగారు తలుపు చాటున ఉండి దాన్ని సగం వింటుంది. ఆ పొద్దున విశ్వంభర్‌కు వేరే ఊళ్లో ఇంకో ఇల్లు, బడికి పోయే కొడుకు ఉన్నారని హారికకు తెలిసింది. కళ్లనిండా నీళ్లు పెట్టుకుని, మాట మాట్లాడకుండా మొగుడికి ఇడ్లీ వడ్డించింది.

"అరే, ఒక్క మాట అడిగితే అయిపాయె గద," అన్నాడు రాజలింగం, కొట్టుకు పోబోతూ గుమ్మంలో నిలబడి. "ఇయ్యాల్నే ఖతం అయితది సీరియల్."

"ఆడిదాని బాధ నీకేం ఎరుక?" అంది వజ్రమ్మ ముక్కు తుడుచుకుంటూ. "నువ్వు పో. నీ కొలతలు నువ్వు చూసుకో."

వజ్రమ్మకు దాదర్‌లో ఒక అక్క ఉంది. ఆమెకు కంటి ఆపరేషన్ అయింది, కొన్నాళ్లు టీవీ చూడొద్దన్నారు. అందుకని రోజూ కథంతా ఫోన్లో వాయిస్ మెసేజ్ పెట్టే బాధ్యత వజ్రమ్మ మీద పడింది. అక్కచెల్లెళ్ల మధ్య విశ్వంభర్‌కు పేరు లేదు. 'మనోడు' అంటే విశ్వంభరే. ఆ రోజు అక్కను డాక్టరుకు చూపించే పని కూడా ఉండటంతో, ఒక చేత్తో బ్యాగు సర్దుతూ, ఇంకో చేత్తో ఫోను పట్టుకుని వజ్రమ్మ ఇలా చెప్పింది:

"అక్కా, మనోడికి ఇంకో ఇల్లు ఉన్నదంటనే! బడికి పోయే పిల్లగాడు గూడ ఉన్నడు. పని ఉంది, పని ఉంది అనుకుంట ఇన్ని దినాలు పోయింది ఆడికేనే. ఎంత నమ్మినమే అక్కా..." ఇక్కడ ఆమెకు నిజంగానే ఏడుపొచ్చింది. "సరే, బ్యాగు సర్దుకుంటున్న. నీ కాడికే వస్తున్న. వచ్చినంక అంత చెప్త."

ఫోన్లో అక్క ఫోటోకు బదులు బతుకమ్మ బొమ్మ ఉంటుంది. చాల్ బతుకమ్మ కమిటీ గ్రూపుకు కూడా బతుకమ్మ బొమ్మే. కళ్లనిండా నీళ్లున్న మనిషికి రెండూ ఒకలాగే కనిపించాయి. మెసేజ్ కమిటీ గ్రూపుకు పోయింది. వజ్రమ్మ ఫోనును బ్యాగులో టిఫిన్ డబ్బా కిందికి తోసి, గ్రాంట్ రోడ్ స్టేషనుకు నడిచింది.

రాజలింగం దగ్గర ఉన్నది బటన్ల ఫోను. ఏ గ్రూపులోనూ ఆయన లేడు. కాబట్టి కాసేపటికల్లా ఆ మెసేజ్ వినని మనిషి చాల్ మొత్తంలో ఆయనొక్కడే మిగిలాడు.

మొదట సీమా వచ్చింది. రెండో అంతస్తులో ఉండే అమ్మాయి, నోరు తెరిస్తే నవ్వే మనిషి. ఇవాళ నవ్వలేదు.

"కాకా, నా బ్లౌజ్ వాపస్ ఇవ్వు."

"ఇంకో చేయి కుట్టేది ఉంది బిడ్డా."

"ఒక్క చేయితోనే ఇవ్వు. చల్తా."

ఒక చేయి ఉన్న జాకెట్టు పట్టుకుని మెట్లెక్కి పోయింది. ఆ వెనకే ఇంకొకామె వచ్చి ఆది జాకెట్టు తీసుకుపోయింది. రోజూ స్టూలు మీద కూర్చుని ఉచితంగా పేపరు చదివే పెద్దాయన గల్లీకి అటు పక్కనుంచి నడిచి పోయాడు. పై అంతస్తుల కటకటాల మీద ఆడవాళ్లు వరసగా వంగి కిందికి చూస్తున్నారు. రాజలింగం ఎందుకైనా మంచిదని తన ప్యాంటు జిప్పు చూసుకున్నాడు. అది సరిగానే ఉంది.

అప్పుడు కొడుకు స్వప్నిల్ వచ్చాడు. గ్రాంట్ రోడ్ దగ్గర కొరియర్ ఆఫీసులో పని. పెళ్లయ్యాక భార్య ప్రతీక్షతో అదే చాల్‌లో పైన వేరే ఖోలీలో ఉంటున్నాడు. పని మధ్యలో వచ్చినట్టు మెడలో ఇంకా ఆఫీసు కార్డు వేలాడుతోంది.

"పప్పా, మమ్మీ కుఠే?"

"దాదర్ పోయింది. పెద్దమ్మ కాడికి."

"బ్యాగ్ తీస్కొని పోయిందా?"

"అవ్. ఎందుకు?"

స్వప్నిల్ చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "మమ్మీకి సబ్ మాలూమ్ అయింది పప్పా. నీ వర్లి సంగతి."

వజ్రమ్మ చెప్పిన 'మనోడు' రాజలింగమేనని, పని ఉందని పోయే ఆ ఇంకో ఇల్లు వర్లిలోనేనని చాల్ అంతా అప్పటికే తేల్చేసుకుంది. ఆ సంగతి తెలియని రాజలింగం కాలు మిషను మీద ఆగిపోయింది. మటన్ సంగతి తెలిసిపోయింది!

"ఎవరు చెప్పిండ్రు మమ్మీకి?"

"ఎవరు చెప్తే ఏంది? ఏడ్చుకుంట గ్రూప్‌ల పెట్టింది. అందరు విన్నరు."

మటన్ తిన్నందుకు ఇంత ఏడుపా అని రాజలింగానికి ఒక క్షణం అనిపించింది. కానీ వజ్రమ్మ సంగతి ఆయనకు తెలుసు. అప్పడం ముక్క తిన్నందుకే ఒకసారి రెండు పూటలు మాట్లాడలేదు. పైగా ఇన్ని నెలలుగా అబద్ధం చెప్పాడు. తల దించుకున్నాడు.

"తప్పయింది బేటా," అన్నాడు.

కాదంటాడని, కోప్పడతాడని వచ్చిన స్వప్నిల్ ఆ మాట విని మెట్టు మీద కూలబడ్డాడు.

విషయం కమిటీ గదికి చేరింది. బతుకమ్మ కమిటీకి నర్సింహులు అధ్యక్షుడు. బతుకమ్మ ఏడాదికి ఒకసారే కాబట్టి మిగతా కాలమంతా ఆయన నీళ్ల గొడవలు, పెళ్లి గొడవలు తీరుస్తాడు. బతుకమ్మ పళ్లేల మధ్య చాప పరిచి రాజలింగాన్ని కూర్చోబెట్టారు. స్వప్నిల్ గోడకానుకున్నాడు. ప్రతీక్ష కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గుమ్మంలో నిలబడింది.

"ఎప్పటిసంది నడుస్తుంది తమ్మీ ఇది?" అడిగాడు నర్సింహులు.

"పోయిన వానకాలం సంది అన్నా."

"వారంల ఎన్నిసార్లు?"

"బుధవారం ఒక్కనాడే. ఆదివారం గూడ రమ్మంటరు గాని నేను పోను."

ఆ మాటకు నర్సింహులు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "ఇంట్ల ఏం తక్కువైంది నీకు?"

"నీ కాడ దాచేది ఏముందన్నా. ఇంట్ల అంత సప్పగ అయిపోయింది. ఎంతకని ఓర్చుకుంట? నేను గూడ మనిషినే గద."

నర్సింహులు కాసేపు పైకప్పు వైపు చూశాడు. "అందరిండ్లల్ల అట్లనే ఉంటది తమ్మీ. అందరు వర్లికి పోతున్నరా? సరే, ఆమె పేరేంది?"

"చంద్రమ్మ. పాలమూరు దిక్కుది. మస్తు మంచిది అన్నా. మొఖం చూసే మనకేం కావాల్నో తెలుసుకుంటది."

"మొగడు లేడా?"

"ఎందుకు లేడు? పెంటయ్య. ఆయన్నే ఎదురొచ్చి, చెయ్యి పట్టుకొని లోపలికి తీస్కపోతడు."

ప్రతీక్ష "దేవా!" అంది.

"మొగడు... ఊకుంటడా?"

"ఊకుండక? నేనొక్కన్నే గాదు గద అన్నా. మస్తు మంది వస్తరు. ఆలిశమైతే లైన్ల నిలబడాలె."

నర్సింహులు పక్కనున్న చెంబు ఎత్తి నీళ్లన్నీ తాగేశాడు. మటన్ కోసం ఇంత లోతు విచారణ ఎందుకో రాజలింగానికి అర్థం కాలేదు. కానీ నర్సింహులు ఏ గొడవనైనా కుళాయి నుంచి ట్యాంకు దాకా తవ్వే మనిషి. అడిగినదానికల్లా నిజం చెప్పేస్తే త్వరగా వదులుతాడనుకున్నాడు.

"మరి పిల్లగాడు?"

"అనిల్‌గాడా? మంచి హుషారు. బడికి పోతడు. కాక, కాక అనుకుంట వీపెక్కుతడు. వాని బడి చొక్కాలకు గుండీలు నేనే కుట్టి ఇస్త."

"కాకనా?" అన్నాడు స్వప్నిల్. "నాయిన అనడా?"

"నన్నెందుకు నాయిన అంటడు?"

"లోకం కోసం అట్ల నేర్పిండ్రు," అన్నాడు నర్సింహులు మెల్లగా. తర్వాత తీర్పు చెప్పాడు. "ఉట్టిగ ఈడ కూసొని మాట్లాడితే కాదు. ట్యాక్సీ పిలువుండ్రి. వర్లికి పోదాం. ఆ పెంటయ్యను గూడ అడగాలె."

ఇంత అవమానంలోనూ రాజలింగానికి లోపల ఒక చిన్న ఆశ కదిలింది. ఎట్లాగూ బుధవారమే, ఎట్లాగూ వర్లికే.

ట్యాక్సీ ఎక్కబోతూ ప్రతీక్ష అత్తగారికి ఫోను చేసింది. అక్క చెవిలో మెసేజ్ పడలేదని తెలిసి అప్పుడే బ్యాగులోంచి ఫోను తీసిన వజ్రమ్మ ఎత్తింది.

"అత్తమ్మా, ఏడవకుండ్రి. మామ అంత ఒప్పుకున్నడు."

"ఏ మామ?"

"మన మామనే. వర్లిల చంద్రమ్మ, ఆ పిల్లగాడు, సబ్ కుఛ్. కమిటీవాళ్లు గూడ వస్తున్నరు. మేము ఆడికే పోతున్నం."

పొద్దుటి నుంచి హారిక కోసం ఏడ్చిన మనిషికి ఇప్పుడు తన కోసం ఏడవడానికి కన్నీళ్లు రాలేదని వజ్రమ్మ తర్వాతెప్పుడో రాజలింగానికి చెప్పింది. వాచ్‌మెన్లు గుర్తొచ్చారంట. ఒకరి తర్వాత ఒకరు. వర్లిలో చంద్రమ్మ ఉండేది ఎక్కడో ప్రతీక్షను అడిగి తెలుసుకుని, నల్లద్దాలు పెట్టుకున్న అక్కను చెయ్యి పట్టుకుని నడిపించుకుంటూ, ఆమె కూడా ట్యాక్సీ ఎక్కింది.

మెస్సులో భోజనాల వేళ. సిమెంటు దుమ్ముతో కూలీలు బల్లల మీద కిక్కిరిసి ఉన్నారు. పెద్ద గిన్నెలో మటన్ పులుసు కుతకుతలాడుతోంది. పెంటయ్య ఎదురొచ్చాడు. విచారణలో చెప్పినట్టుగానే రాజలింగం చెయ్యి పట్టుకున్నాడు.

"రా కాక! ఇయ్యాల ఇంతమందిని తోల్కొచ్చినవా? బల్ల తుడుస్త, ఉండు."

"మేము తినటానికి రాలే," అన్నాడు నర్సింహులు. కానీ ఆయన ముక్కు గిన్నె వైపే తిరిగి ఉంది.

"మరెందుకొచ్చిండ్రు?" అన్నాడు పెంటయ్య, నిజంగానే అర్థం కాక.

ఆ ప్రశ్నకు ఎలా జవాబివ్వాలో నర్సింహులు ఆలోచిస్తుండగానే గుమ్మంలో వజ్రమ్మ కనిపించింది. ఆమె కిటికీ దగ్గరికి పోలేదు, కర్టెన్ పట్టుకోలేదు. కూలీల మధ్యనుంచి నేరుగా పొయ్యి దగ్గరికి నడిచింది. రాజలింగం పక్కకు జరిగాడు. ఇన్నేళ్ల కాపురంలో ఆమె మొహం అలా తెల్లబోయి ఉండటం ఆయన చూడలేదు. మటన్ ముక్కకు ఈ మొహం రాదు, ఇంకేదో ఉంది అని అప్పుడే ఆయనకు మొదటిసారి భయం వేసింది.

"చంద్రమ్మ ఎవరు?"

గరిటె పట్టుకున్న మనిషి తల తిప్పింది. వయసులో స్వప్నిల్ కంటే నాలుగైదేళ్లు పెద్దదేమో. "నేనే పెద్దమ్మా. కూసోండ్రి. ఎన్ని ప్లేట్లు?"

"ఈయన నీకేమైతడు?"

చంద్రమ్మ రాజలింగాన్ని చూసింది, వజ్రమ్మను చూసింది. "కాకనా? గిరాకీ అయితడు. బుధవారం వస్తడు. మటన్ తింటడు, ఇంకింత పులుసు పొయ్యమంటడు, పైసలిచ్చి పోతడు. ఎందుకమ్మా, ఏమైంది?"

కూలీలు ముద్దలు ఆపి ఇటు తిరిగారు.

"పిల్లగాడు?" అన్నాడు నర్సింహులు నీరసంగా.

"నా కొడుకు."

"నా కొడుకు గూడ," అన్నాడు పెంటయ్య, చేతిలో ప్లేట్లతో.

నర్సింహులు ఇక చేసేది లేక జేబులోంచి ఫోను తీసి మెసేజ్ వినిపించాడు. మనోడికి ఇంకో ఇల్లు ఉన్నదంటనే అని వజ్రమ్మ గొంతు మెస్సు అంతా మోగింది. వజ్రమ్మ నోరు తెరుచుకుని విన్నది.

"అరే, అది విశ్వంభర్ సంగతయ్యా! సీరియల్‌ది!"

"ఇది నాకెందుకు రాలేదే?" అంది నల్లద్దాల అక్క. "పొద్దుగాల సంది ఫోను చేతుల పట్టుకొని కూసున్న."

"విశ్వంభర్‌కు ఇంకో ఇల్లు లేదు పెద్దమ్మా," అంది చంద్రమ్మ గరిటె దించి. "ఆ పిల్లగాడు సచ్చిపోయిన దోస్తు కొడుకు. రాత్రి ఎపిసోడ్ అయినంక, రేపు వచ్చేది అనుకుంట చూపెట్టిండ్రు గద. ఆయన చెప్పడు, ఆమె అడగది."

కూలీల్లో ఎవరో కిసుక్కుమన్నారు. తర్వాత మెస్సంతా నవ్వింది. స్వప్నిల్ తండ్రిని కౌగిలించుకుని మరాఠీలో ఏదో అన్నాడు. ప్రతీక్ష నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. రాజలింగం కూడా నవ్వబోయాడు. వజ్రమ్మ నవ్వడం లేదు.

"ఉండుండ్రి," అంది. "మటనా?"

నర్సింహులు ఫోను జేబులో పెట్టుకున్నాడు.

"కొలతలు అనుకుంట... మటనా? ఉప్పేసిందా?"

"ఉప్పు లేకుండ మటన్ ఎట్లయితది పెద్దమ్మా," అంది చంద్రమ్మ అమాయకంగా.

"ఇంకో ఆడిది ఉన్నదన్నా ఇంత బాధ కాకపోవు," అంది వజ్రమ్మ. అది అబద్ధమని అక్కడున్న అందరికీ తెలుసు, ఇప్పుడే ఆమె మొహం చూశారు. "బీపీ ఉన్నది నీకు. నాకున్నదా? నీ పక్కపొంటి కూసొని అదే సప్పటి పప్పు తినలేదా నేను? ఉప్పు డబ్బ ముట్టిన్నా? నీ ఒక్కనికి వేరే పెడితే నీ మనసుకు కష్టమైతదని."

రాజలింగం ఆ నెలలన్నీ ఒకసారి వెనక్కి తిప్పి చూసుకున్నాడు. ప్రతి పూటా తన కంచం వైపే చూసుకున్నాడు. పక్క కంచంలో ఏముందో ఒక్కనాడూ చూడలేదు.

"నువ్వు చెప్పలే గద," అన్నాడు చివరికి.

"నువ్వు అడిగినవా?"

వజ్రమ్మ కొంగు దులుపుకుని, ఇద్దరు కూలీలు జరిగిన చోట బల్ల మీద కూర్చుంది.

"బిడ్డా, నాకొక ప్లేటు పెట్టు. పులుసు మంచిగ పొయ్యి. అక్కకు గూడ పెట్టు. ఈయనకు ఉప్పు లేంది ఏమన్న ఉందా?"

"పెరుగన్నం కలుపుత పెద్దమ్మా."

"గదే పెట్టు."

మొదటి ముద్దకు వజ్రమ్మ కళ్లు మూసుకుంది. రెండో ముద్దకు కళ్లలో నీళ్లు తిరిగాయి. కారానికో, కోపానికో రాజలింగానికి తెలియలేదు. ఈసారి అడిగాడు.

"కారం ఎక్కువైందా?"

"మాట్లాడకు. తిననీ," అంది ఆమె. కానీ కొంచెం జరిగి ఆయనకు చోటిచ్చింది. పెరుగన్నం కంచం ముందు పెట్టుకుని ఆయన కూర్చున్నాడు. ఆమె ఎముకలోని మూలుగ జుర్రుకుంటుంటే చూస్తూ మెల్లగా తిన్నాడు. చాలాకాలానికి ఆమె అంత ఇష్టంగా తినడం చూశాడు. పెరుగన్నం కూడా పర్వాలేదనిపించింది.

మర్నాడు సీమా జాకెట్టు తెచ్చి, రెండో చేయి కుట్టమని తల వంచుకుని నిలబడింది. పేపరు చదివే పెద్దాయన స్టూలు మీదికి తిరిగొచ్చాడు. ఇప్పుడు బుధవారాల్లో మొగుడూ పెళ్లాలు ఇద్దరూ కలిసే వర్లికి పోతున్నారు. చంద్రమ్మ పప్పులో ఉప్పు వేయకముందే రాజలింగం కోసం ఒక గిన్నెలోకి తీసి పక్కన పెడుతుంది. వజ్రమ్మ మటన్ తింటుంది, చంద్రమ్మతో హారిక తెలివితక్కువతనం గురించి మాట్లాడుతుంది, ఒక చిన్న ముక్క మొగుడి కంచంలో వేసి డాక్టరుకు చెప్పొద్దంటుంది.

నర్సింహులు మాత్రం కమిటీ అధ్యక్షుడిగా ఆ కేసు ఇంకా మూయలేదు. ప్రతి వారం విచారణకని అక్కడికి వెళ్తూనే ఉన్నాడు.